నగరమూ నాగరికమూ

ఆంగ్లభాషలో 'అర్బేన్' అను విశేషణ మొకటి కలదు. నేడు ఆ మాటను గూర్చి నాలుగు సంగతులు శ్రోతలకు మనవి చేయదలచితిమి. మాటలో సౌమ్యత, నడవడిలో నేర్పు, ఎదుటివారిని నొప్పింపని చమత్కారము గలవానిని 'అర్బేన్' అందురు. దుస్తులకు గాని, భవనములకు గాని ఈ మాట సాధారణముగా చెల్లదు. మనిషికి, అతని సంభాషణకు, రచనకు శోభించును. ఒక్కొక్కప్పుడు ఇందులో సన్నని ఎత్తిపొడుపు కూడ ఉండును. పైకి నున్నగా మాటలాడి మనసు బయటపెట్టనివానికి సైతము దీనిని వాడవచ్చును.

ఈ మాటకు మూలము లాటినులోని 'ఉర్బ్స్', అనగా నగరము. నగరవాసి మాటతీరును రోమనులు 'ఉర్బానితాస్' అనిరి. క్రీ.శ. 1వ శతాబ్దికి చెందిన క్వింటిలియన్ తన వక్తృత్వశాస్త్ర గ్రంథమున దీనిని చర్చించెను. ఇంగ్లీషులోనికి 'అర్బేన్' 16వ శతాబ్దిలో వచ్చినది. 'అర్బన్' ఆ తరువాతిది. మొదట రెంటికిని నగరసంబంధి యనియే అర్థము. క్రమముగా 'అర్బన్' ఊరికి, 'అర్బేన్' నడవడికి అని పంపకము జరిగినది. 'హ్యూమన్', 'హ్యూమేన్' అను జంటయు ఇట్టిదే.

మనకును ఇది క్రొత్త కాదు. నగరమునుండి నాగరికము పుట్టినది. వాత్స్యాయనుడు కామసూత్రములలో నాగరకుని జీవనవిధానమునకు ఒక అధ్యాయమే కేటాయించెను. గ్రామమునుండి పుట్టిన 'గ్రామ్యము' మాత్రము మోటుతనమునకు పేరైనది. ఇంగ్లీషులోను అంతే. 'బూరిష్' అను నిందకు వెనుక నున్నవాడు డచ్చి రైతు. 'విలన్' వెనుక నున్నవాడు దొరపొలము దున్నిన పల్లెవాడు. భాషలు వేరైనను పల్లెకు చేసిన అన్యాయ మొక్కటే.

ఈ విచారణకు నేడు తగిన చోటు హైదరాబాదు పడమటి భాగము. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిరి. ఆ పిమ్మట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మహానగరములో కలిసిపోయినవి. దిగుడుబావిని తెలుపు 'బౌలి', చిన్న పల్లెను తెలుపు 'గూడ' పేర్లలో నిలిచియున్నవి. 'సైబరాబాదు'లోని 'ఆబాదు' పారసీక పదము. జనులు నివసించి వర్ధిల్లు చోటని అర్థము. దూరపు పల్లెలనుండి ఇచటికి వచ్చు యువకులు కంప్యూటరు విద్యతోపాటు 'సాఫ్ట్ స్కిల్స్' పేరిట మాటతీరును గూడ అభ్యసించుచున్నారు. అది మంచిదే. కాని ఆ అభ్యాసముతో తమ యాసకు సిగ్గుపడుట గూడ అలవడినచో, 'గ్రామ్య'మను పాత నింద మరల తలయెత్తినట్లే.

ఊరు 'అర్బన్' అగుటకు వెడల్పు వీధులు, మేడలు, 2019లో హైటెక్ సిటీకి వచ్చిన మెట్రో రైలు చాలును. మనిషి 'అర్బేన్' అగుటకు అవి చాలవు. ద్వారమువద్ద నిలిచిన కాపలాదారుని, ఎండలో భోజనము తెచ్చియిచ్చిన కుర్రవానిని మనము ఏ తీరున పలుకరింతుమో అదియే పరీక్ష. పెద్దవారిని 'తాతా', 'మామా' అని వరుసపెట్టి పిలుచుట ఇంటనే నేర్చిన పల్లెపిల్లవానికి ఆ పాఠము క్రొత్త కాదు.

'అర్బేన్'కు తెలుగున 'నాగరికుడు' అని వ్రాసినచో భావము చెదరును. ఆ మాట నేడు వేషమునకు, ఆధునికతకు అంటిపోయినది. 'మర్యాద' మేలని మా అభిప్రాయము. మర్యాద యనగా మొదట హద్దు. ఎదుటివాని గౌరవమునకు గల హద్దు నెరిగి మెలగుటయే మర్యాద. దానికి సరసత తోడైనచో 'అర్బేన్' అను మాటకు అర్థము పూర్తి యగును. ఈ మాటలో నగరము లేదు, పల్లెయు లేదు. కనుక ఎవరిని చిన్నబుచ్చకయే దీనిని వాడుకొనవచ్చును.