ఒకే గోలీలో రెండు మందులు
యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం

మనిషికి ఫోలిక్ ఆమ్లం తిండిలోనే దొరుకుతుంది. కోస్గి, కొడంగల్, తాండూరు వైపు చేలల్లో పండే కందిలో అది దండిగా ఉంటుంది, ఆకుకూరల్లోనూ ఉంటుంది. 1941లో పాలకూర నుంచి దాన్ని వేరుచేసినవాళ్లు లాటిన్‌లో ఆకుకున్న మాటనే పేరుగా పెట్టారు. రోగాలు తెచ్చే బ్యాక్టీరియాలో చాలావాటికి ఈ వెసులుబాటు లేదు. చుట్టూ ఎంత ఫోలిక్ ఆమ్లం ఉన్నా లోపలికి తీసుకోలేవు, తమ వంట తామే వండుకోవాలి. ఆ పొయ్యి ఆరితే డీఎన్ఏ కట్టుకోవడానికి సరుకు అందదు, సంతతి పెరగదు. ఒకే గోలీలో రెండు మందులు కలిసి ఉండే కో-ట్రైమాక్సజోల్ దెబ్బకొట్టేది సరిగ్గా ఇక్కడే.

ఆ రెంటిలో పాతది సల్ఫా. 1935లో జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ ప్రాంటోసిల్ అనే ఎర్ర రంగు స్ట్రెప్టోకాకస్ మీద పనిచేస్తుందని ప్రకటించారు. పని చేస్తున్నది రంగు కాదనీ, ఒంట్లో అది విరిగితే వచ్చే సల్ఫనిలమైడ్ అనీ అదే ఏడు పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తేల్చారు. ఎలా పనిచేస్తుందో 1940లో డొనాల్డ్ వుడ్స్ చెప్పారు. బ్యాక్టీరియా ఫోలిక్ ఆమ్లం వండటానికి వాడే పాబా అనే దినుసుకూ సల్ఫాకూ పోలిక ఎక్కువ. ఎంజైము పొరబడి సల్ఫాను పట్టుకుంటుంది, వంట ఆగుతుంది. అసలు దినుసు ఎక్కువగా ఉన్నచోట మాత్రం ఈ మోసం సాగదు. చీము నిండిన గడ్డలో చచ్చిన కణాల నుంచి పాబా, డీఎన్ఏ ముక్కలు పుష్కలంగా దొరుకుతాయి. గడ్డను కోసి చీము తీయకుండా సల్ఫా ఇస్తే లాభం లేదని వైద్యులు అంటున్నది అందుకే.

సుబ్బారావు పేరున జరిగే సభలో ఈ గోలీ కథ చెప్పుకోవడానికి కారణం ఫోలిక్ ఆమ్లమే. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను ఈస్టు సారంతో నయం చేశారు. ఆ సారంలో ఉన్నదేమిటో ఆమెకు అప్పటికి తెలియదు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన సుబ్బారావు 1940లో లెడర్లీ పరిశోధనశాలకు వెళ్లారు. ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీని ప్రకటించింది. ఇప్పుడు పీహెచ్‌సీలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ గోలీలో కలిసి ఉండేది అదే పదార్థం. అణువు ఆకారం తెలిశాక దాన్ని పోలిన నకళ్లు తయారుచేయడం వీలైంది. లెడర్లీ నుంచే వచ్చిన అమినాప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌ను కొంతకాలం వెనక్కి తగ్గించగలిగారు. ఆ ఏడే సుబ్బారావు కన్నుమూశారు.

రెండో మందు దారి వేరు. బరోస్ వెల్కమ్ సంస్థలో జార్జ్ హిచింగ్స్, గెర్‌ట్రూడ్ ఎలియన్ డీఎన్ఏ దినుసుల నకళ్ల మీద పనిచేస్తూ వచ్చారు. ఫోలిక్ ఆమ్లాన్ని వాడకానికి సిద్ధం చేసే చివరి ఎంజైము మనిషిలోనూ ఉంది, బ్యాక్టీరియాలోనూ ఉంది, కాని రెంటి అమరిక ఒకటి కాదు. హిచింగ్స్ బృందం తయారుచేసిన ట్రైమెథోప్రిమ్ బ్యాక్టీరియా ఎంజైమునే వేల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ఆ ఇద్దరికీ 1988లో నోబెల్ బహుమతి దక్కింది.

సల్ఫాల్లో సల్ఫామెథాక్సజోల్‌నే దీనికి జోడీగా ఎంచుకున్నారు. రెండూ ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు ఒకే సమయం, సుమారు 10 గంటలు, పడుతుంది. ఈ జంట 1968లో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. మామూలు గోలీలో 80 మి.గ్రా. ట్రైమెథోప్రిమ్, 400 మి.గ్రా. సల్ఫా ఉంటాయి, డీఎస్ అని రాసి ఉంటే దానికి రెట్టింపు. గోలీలో పాళ్లు 1కి 5 అయినా రక్తంలో 1కి 20 దగ్గర నిలుస్తాయి, అవసరమైనది ఆ పాళే. విడిగా ఏ మందయినా ఎదుగుదలను ఆపడంతో సరిపెడుతుంది. ఒకే వంటను రెండు చోట్ల ఆపితే చాలాసార్లు బ్యాక్టీరియా చస్తుంది. ఒక మందును తప్పించుకునే మార్పు కోటిలో ఒకదానికి వస్తుందనుకుంటే, రెండు మార్పులూ ఒకదానికే రావడం కోటికోట్లలో ఒక మాట. లెక్క ముచ్చటగానే ఉంది.

బ్యాక్టీరియా ఆ లెక్క ప్రకారం నడవలేదు. సల్ఫాను లెక్కచేయని సుల్ జన్యువులు, ట్రైమెథోప్రిమ్‌ను లెక్కచేయని డీఎఫ్ఆర్ జన్యువులు ప్లాస్మిడ్ అనే ఒకే డీఎన్ఏ చుట్ట మీద కుదురుకుని ఒకదాని నుంచి ఇంకోదానికి మూటగా చేతులు మారాయి. 1980ల చివర్లో భారతదేశంలో టైఫాయిడ్ క్రిమి క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కో-ట్రైమాక్సజోల్ మూడింటికీ ఒకేసారి లొంగకుండా పోయింది. వైద్యులు సిప్రోఫ్లాక్సాసిన్ వైపు మళ్లారు. ఆ తర్వాత ఏళ్లలో పాత మందులకు క్రిమి మళ్లీ లొంగడం చాలాచోట్ల కనిపించింది.

మెడికల్ షాపులో ‘625’ అని అడిగే గోలీది మరో రకం జంట. 500 మి.గ్రా. అమాక్సిసిలిన్‌కు 125 మి.గ్రా. క్లావులానిక్ ఆమ్లం కలిస్తే 625. ఇక్కడ రెండోది తనంతట తాను క్రిమిని దాదాపుగా చంపదు. అమాక్సిసిలిన్‌ను ముక్కలు చేసే బీటా-లాక్టమేజ్ ఎంజైముకు అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది, తనూ ఖర్చయిపోతుంది. తడి తగిలితే పాడవుతుంది కాబట్టే గోలీలు రేకులో మూసి వస్తాయి, పిల్లల సిరప్ పొడిగా వస్తుంది. సీసా మీది గీత దాకా కాచి చల్లార్చిన నీళ్లు పోసి, ఫ్రిజ్‌లో పెట్టి, 7 రోజుల్లో వాడేయాలి. 2009లో పేరుపెట్టిన ఎన్‌డీఎం-1 అనే ఎంజైము మీద మాత్రం క్లావులానిక్ ఆమ్లానికి పట్టు లేదు.

రెండు మందులు కలిసినంత మాత్రాన జంట కుదిరినట్టు కాదు. 2018 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం 328 మిశ్రమ మందులను నిషేధించింది.

ఎవరికి ఏ జంట పనికొస్తుందో చెప్పేది కల్చర్ పరీక్ష. మూత్రంలో పెరిగిన ఈ-కోలిని పళ్లెం మీద పరిచి, చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. కో-ట్రైమాక్సజోల్ బిళ్లలో 1.25 మైక్రోగ్రాముల ట్రైమెథోప్రిమ్‌కు 23.75 సల్ఫా ఉంటుంది, అంటే దాదాపు రక్తంలో నిలిచే పాళే. రాత్రంతా ఉంచి, పొద్దున బిళ్ల చుట్టూ క్రిమి పెరగని వలయాన్ని స్కేలుతో కొలుస్తారు. అడ్డంగా 16 మి.మీ. లేదా అంతకు మించి ఉంటే మందు పనిచేస్తుంది. 10 లేదా అంతకు తక్కువైతే ఆ రోగికి ఆ గోలీ రాయరు.