బీగం గట్టిదే, బీగంచెవి ఎవరి దగ్గర?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరమూ ఈ వేదిక మీద లెక్కలు చదివేది మా వంతు. ఈసారి లెక్కలకంటె ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవలసియున్నది. "దాచిపెట్టేదేముంది, నలుగురికీ పనికొచ్చేదే కదా, చెప్పేయండి" అని అధ్యక్షులవారు అన్నారు. అందుకే నిలబడినాము.

మన సంఘం లాప్‌టాప్ సంగతి మీకందరికీ తెలుసు. నెలనెలా సాయం పొందే తల్లుల పేర్లు, స్కాలర్‌షిప్పు పిల్లల కాగితాలు, తమ పేరు బయటికి రాకూడదని కోరి జకాత్ ఇచ్చిన దాతల లెక్క, అన్నీ అందులోనే. ఇవి ఊరంతా చూడదగినవి కావు. సాయం తీసుకొన్న ఇంటివాళ్లు బజారులో తల దించుకోకూడదు. ఇచ్చినవారు కోరిన గోప్యతను మనం కాపాడాలి. అందుకని డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్షన్ చేయించినాము. అంటే పెట్టెకు బీగం వేయటం మాత్రమే కాదు. పెట్టెలో ఉన్న కాగితాల మీది రాతనే, సరైన చెవి లేనివానికి అర్థం కాకుండా మార్చివేయటం. పెట్టె పగలగొట్టినా దొంగకు దొరికేది గజిబిజి రాతే.

ఆ చెవి మా తలకాయలో పెట్టుకొన్నాము. అదీ మేము చేసిన పని.

తరువాత కంటి ఆపరేషన్ అయి రెండు నెలలు లాప్‌టాప్ ముట్టలేదు. రంజాను దగ్గరపడుతూ ఉంటే తెరిచినాము. మిషను పాస్‌వర్డు అడిగింది. వేళ్లకు తెలిసిన పాస్‌వర్డు మనసుకు రాలేదు. పిల్లల పేర్లు కొట్టినాము, పెండ్లి తేదీ కొట్టినాము, పాత స్కూటరు నెంబరు కొట్టినాము. కొన్ని తప్పులు కాగానే లోపలి చిప్పు తానే తలుపు మూసుకొని, 48 అంకెల రికవరీ కీ చెప్పమన్నది. బిట్‌లాకర్ అనే ఈ బీగానికి అదే మారుచెవి, ఆరారు అంకెల ఎనిమిది వరుసలు. వేసేనాడు దానిని ఒక పెన్‌డ్రైవులో భద్రపరిచినాము. ఆ పెన్‌డ్రైవునే మా చెల్లెలి కూతురి నికా ఫోటోలు ఎక్కించటానికని తుడిచి ఇచ్చినాము. ఎవరో కాదు, మా చేతులతో మేమే.

తిరుపతిలో ఒక రిపేరు అంగడికి తీసుకొని పోయినాము. అక్కడి అబ్బాయి నిజం చెప్పినాడు. "సార్, మీ దగ్గర డబ్బు తీసుకొని ఆశపెట్టేది నాకిష్టం లేదు. ఫార్మాట్ చేసిస్తే మిషను పనిచేస్తుంది. లోపల ఉండేది మాత్రం రాదు." ఆ పిల్లవానికి మేము ఋణపడి ఉన్నాము.

ఎందుకు రాదని కొందరు అడిగినారు. రహస్యలిపిని విప్పే విద్యలో మొదట వినిపించే పేర్లలో బాగ్దాదు పండితుడు అల్-కింది పేరొకటి. 9వ శతాబ్దంలో ఆయన, ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కపెట్టి గుప్తలేఖను చదివే పద్ధతిని గ్రంథస్థం చేసినాడు. పాత లిపుల మీద ఆ ఉపాయం పారింది. నేటి లిపిలో అట్లా లెక్కపెట్టటానికి ఏ పోలికా మిగలదు. ఇద్దరు బెల్జియం శాస్త్రజ్ఞులు రూపొందించిన ఎ.ఇ.ఎస్. అనే పద్ధతిని 2001లో అమెరికా ప్రభుత్వం ప్రమాణంగా తీసుకొన్నది. బిట్‌లాకర్‌లోనూ ఉన్నది అదే. దానిలో అన్నిటికంటె చిన్న చెవికే ఎన్ని అవకాశాలు ఉన్నాయో రాస్తే 39 అంకెల సంఖ్య అవుతుంది. ఒక్కొక్కటే పెట్టి చూస్తే మన మనుమల మనుమల కాలానికి కూడా తెమలదు.

మనమే కాదు, కంప్యూటరే వృత్తిగా బ్రతికేవారూ ఇందులో పడినారు. అమెరికాలో ఉంటున్న స్టీఫన్ థామస్ అనే ప్రోగ్రామరు 7,002 బిట్‌కాయిన్ల చెవిని బీగమున్న ఒక పెన్‌డ్రైవులో దాచినాడు. పాస్‌వర్డు రాసుకొన్న కాగితం పోయింది. పది తప్పులైతే ఆ డ్రైవు శాశ్వతంగా మూసుకొంటుంది. 2021లో పత్రికలకెక్కేనాటికి ఎనిమిది అయిపోయినాయి. అంత సొత్తు చేతిలోనే ఉన్నా చేతికందలేదు.

మన సొత్తు అంత కాదు గానీ, మనకు అంతకంటె ఎక్కువే. పాత రశీదు పుస్తకాలు పట్టుకొని చిత్తూరులోనూ, తిరుపతిలోనూ ఇల్లిల్లూ తిరిగి జాబితా మళ్లీ రాసినాము. ఒక ముసలమ్మ తలుపు దగ్గరే నిలబడి, "ఏం నాయనా, నా పేరు కొట్టేసినారా? రెండు నెలలుగా ఎవరూ రాలేదే" అన్నది. ఆమె పేరు ఏ రశీదులోనూ లేదు, లాప్‌టాప్‌లోనే ఉండేది. పక్కింటివాళ్లు చెప్పకపోయివుంటే ఆ గడప మేము తొక్కివుండము. బాకీ అప్పుడే ఇచ్చినాము. అయినా ఆమె మాట ఇప్పటికీ చెవిలో ఉన్నది. ఇట్లాంటి తల్లులు ఇంకెవరైనా మిగిలిపోయి ఉంటే, తెలిసినవారు ఈ సభ ముగిసేలోగా మాకు చెప్పండి.

బీగం తప్పేమీ లేదు. అది తన పని చేసింది, ఒక్క పేరూ బయటికి పొక్కలేదు. తప్పు, పదిమంది అమానతును ఒక్కరి జ్ఞాపకానికి అప్పగించటంలో ఉన్నది.

ఇక్కడ మన చిత్తూరు గడ్డమీద జరిగినది ఒకటి గుర్తుచేస్తాము. హైదరలీకి చదవటం, రాయటం రాదు, జ్ఞాపకశక్తి మాత్రం అపారమని చరిత్రకారులు రాసినారు. 1782 డిసెంబరులో ఆయన కన్నుమూసింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలో. టిప్పు ఎక్కడో మలబారు వైపు ఉన్నాడు. మరణవార్త పొక్కితే సైన్యం చెదిరిపోతుందని, నమ్మకమైన కొద్దిమంది అధికారులు దానిని గుట్టుగా ఉంచి టిప్పుకు కబురు పంపినారు. రాజ్యం నిలబడింది. గుట్టు బయటపడనూ లేదు, ఒక్కరితోనే పోనూ లేదు. కొద్దిమంది చేతుల్లో ఉన్నది. మనకు కావలసిందీ అదే.

కనుక కార్యవర్గం చేసిన ఏర్పాటు వినండి. రికవరీ కీని రెండు కాగితాల మీద రాసి, లక్కముద్ర వేసిన కవర్లలో పెట్టినాము. ఒకటి చిత్తూరులో అధ్యక్షులవారి దగ్గర, రెండవది తిరుపతిలో మహిళా విభాగం ఆపా దగ్గర. లాప్‌టాప్ ఉన్నచోట ఏదీ ఉండదు. ఏటా ఈ సభకు ముందు కవరు విప్పి, ఆ అంకెలతో మిషను తెరుచుకొంటున్నదో లేదో చూసి, మళ్లీ ముద్ర వేస్తాము. జాబితా నకలు వేరే డిస్కులో, దానికీ బీగంతోనే, ఉంటుంది.

"మా ఇంట్లో అట్లాంటి బీగం లేదు" అనుకోవద్దు. 2024లో వచ్చిన విండోస్ 11 రూపంతో, మైక్రోసాఫ్ట్ ఖాతా పెట్టి కొత్తగా మొదలుపెట్టిన చాలా మిషన్లలో అది మిమ్మల్ని అడగకుండానే పడుతుంది. మారుచెవి ఆ ఖాతాలో ఉంటుంది. ఈ రాత్రే పిల్లల చేత చూపించి, కాగితం మీద రాసుకోండి. మదర్‌బోర్డు మార్పించేముందు తప్పక చూసుకోండి, మారిస్తే మిషను ఆ 48 అంకెలే అడుగుతుంది. ఎప్పుడైనా అడిగితే కంగారుపడి ఫార్మాట్ చేయించవద్దు. ముందు ఖాతా, పాత కాగితాలు, పెన్‌డ్రైవులు, ఆఫీసు మిషనైతే ఆఫీసువారిని వెదకండి.

ఇంకొక మాట. ఇంటిపెద్ద పోయిన తరువాత ఆయన ఫోను తెరవలేక, బ్యాంకు కాగితాల కోసం, చివరి ఫోటోల కోసం ఏడ్చిన ఇండ్లు మనలోనే ఉన్నాయి. ఆస్తికి వీలునామా రాసినట్లు, దీనికీ నమ్మకస్థులొకరు ఉండాలి. భార్యకో, బిడ్డకో, అన్నకో చెప్పి ఉంచండి.

మాకు వయసైంది. జ్ఞాపకం మాదని గర్వపడినాము, అది కూడా అమానతేనని ఆలస్యంగా తెలిసింది. మా పొరపాటును మన్నించి, మీ బీగంచెవుల సంగతి ఈరోజే చూసుకొంటారని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము. ఇక లెక్కలు చదువుతాము.

అస్సలాము అలైకుం.