శస్త్రచికిత్స తరువాతి జీవితమూ హక్కే

(హృద్రోగుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యురాలిని కాను. గుండె కవాటం మార్పిడి జరిగి పదునాలుగేళ్ళు గడిచిన ఒక రోగిని. ఆ తరువాత ఆసుపత్రి వరండాలలో నాలాంటివారికి దరఖాస్తులు నింపిపెడుతూ, మందుచీటీలు చదివి వినిపిస్తూ వస్తున్న ఒక కార్యకర్తను. ఈనాడు నేను చెప్పదలచినది ఒక్కటే. గుండె ఆపరేషన్ కోసం పోరాడడం మన సమాజం నేర్చుకున్నది. ఆపరేషన్ తరువాతి జీవితం కోసం పోరాడడం ఇంకా నేర్చుకోవలసి ఉన్నది.

మొదట ఈ జబ్బు ఎక్కడ పుడుతున్నదో చూద్దాం. గుండెజబ్బు అనగానే మనకు పెద్ద వయసు, రక్తనాళాల్లో కొవ్వు, స్టెంటు, బైపాస్ గుర్తుకు వస్తాయి. అవి నిజమే. కాని పేద బస్తీలలో మరొక గుండెజబ్బు ఉన్నది. దానిని రుమాటిక్ గుండెజబ్బు అంటారు. అయిదు నుండి పదిహేనేళ్ళ లోపు పిల్లలకు స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి వస్తుంది. సరైన మందు పడకపోతే కొందరిలో రెండు మూడు వారాలకు జ్వరం, కీళ్ళ వాపులు మొదలవుతాయి. వాపు ఈ మోకాలు వదిలి ఆ మోకాలికి, అక్కడి నుండి మణికట్టుకు మారుతూ ఉంటుంది. ఎదుగుదల నొప్పులని మనం నూనె రాసి ఊరుకుంటాం. కీళ్ళు నయమవుతాయి. కాని గుండె కవాటాలు మచ్చపడి, బిరుసెక్కి, ఏళ్ళు గడిచాక సరిగా తెరుచుకోవు, లేదా సరిగా మూసుకోవు. ఒకే గదిలో ఏడెనిమిది మంది పడుకునే ఇళ్ళలో ఈ సూక్ష్మజీవి ఒకరి నుండి ఒకరికి తేలికగా పాకుతుంది. కనుక ఇది ఇరుకు ఇంటి జబ్బు, పేదరికపు జబ్బు. ముస్లింలు అధికంగా ఉండే ఊళ్ళలో వైద్య సౌకర్యాల లేమిని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ఎత్తి చూపింది. ఆ లేమికి ఒక్కొక్కసారి ఒక ఆడపిల్ల గుండె మూల్యం చెల్లిస్తున్నది.

దీనిని ఆపే మందు ఖరీదైనది కాదు. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన బిడ్డకు మూడు లేదా నాలుగు వారాలకొకసారి బెంజథీన్ పెన్సిలిన్ సూదిమందు వేయించాలి. కవాటం దెబ్బతిన్నవారికి సాధారణంగా 40 ఏళ్ళ వయసు వరకు, కొందరికి జీవితాంతం వేయాలంటారు. ఆపరేషన్ అయినంత మాత్రాన ఈ సూది ఆగిపోదు. డాక్టరు ఆపమనే వరకు ఆపకూడదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బుపై ప్రత్యేక తీర్మానమే చేసింది. తీర్మానం జెనీవాలో జరిగితే చాలదు, సూదిమందు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అల్మరాలో ఉండాలి.

ఇక ఆపరేషన్ మాట. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుండి వేలాది పేద కుటుంబాలు అప్పు చేయకుండా గుండె శస్త్రచికిత్స చేయించుకోగలిగాయి. ఈ మేలును మరువరాదు. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితిని 10 లక్షల రూపాయలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచారు. ఆంధ్రలో ఇప్పుడు ఆ పథకాన్ని ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. అయితే రోగిని ఇంటికి పంపే రోజున మన చేతిలో పెట్టే కాగితం ఎలా ఉంటుంది? నాకు ఇచ్చిన నాలుగు పేజీల కాగితంలో ఒక్క తెలుగు మాట లేదు, ఒక్క ఉర్దూ మాట లేదు. ఆ కాగితంలో ఏమున్నదో మా అమ్మీకి చదివి చెప్పినవారు లేరు. కనుక ఆ కాగితంలో ఉండేవాటిని ఈ సభలో మన భాషలో చెప్పుకుందాం.

గుండె ఆపరేషన్‌లో ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోసి, పని ముగిశాక ఉక్కు తీగతో కలిపి కడతారు. పైన చర్మం రెండు మూడు వారాల్లో అతుక్కుంటుంది. లోపలి ఎముక అతకడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది. పైకి గాయం మానింది కనుక మనిషి బాగయిందని ఇంటివారు అనుకుంటారు. ఇరవయ్యో రోజున కోడలి చేతికి బిందె ఇస్తారు. నిండు బిందె పది కిలోలకు పైనే తూగుతుంది. ఈ దశలో నాలుగైదు కిలోలకు మించి ఎత్తరాదు, చంటిబిడ్డను కూడా ఎత్తరాదు. రెండు చేతులు ఆనించి బలంగా లేవరాదు, దుప్పట్లు పిండరాదు, మోటారుసైకిలు నడపరాదు. దగ్గు వచ్చినప్పుడు దిండును ఛాతీకి హత్తుకోవాలి. లేచేటప్పుడు పక్కకు తిరిగి, కాళ్ళు కిందికి దించి లేవాలి. అలాగని మంచం పట్టి ఉండడమూ తప్పే. మొదటి వారం ఇంట్లోనే అయిదేసి నిమిషాలు రోజుకు కొన్నిసార్లు, తరువాత కొద్దికొద్దిగా పెంచుతూ నడవాలి. మన ఆడవారికి నడిచే చోటు దొరకదు. మేడపైన నడవండి, గల్లీలో నడవండి. భర్తలు, అన్నదమ్ములు తోడు వెళ్ళండి. అది మందుచీటీలో మొదటి మందు.

గాయం ఎర్రబారినా, చీము కారినా, జ్వరం వచ్చినా, ఛాతీ ఎముక కదిలినట్టు టక్కుమన్నా, రెండు మూడు రోజుల్లో బరువు గబగబా పెరిగి కాళ్ళు వాచినా, పడుకుంటే ఊపిరాడకపోయినా రేపటి దాకా ఆగవద్దు.

లోహపు కవాటం పెట్టినవారికి మరొక జీవితకాల బాధ్యత ఉన్నది. రాత్రి ఇల్లంతా నిద్రపోయాక నా ఛాతీలో చిన్న గడియారం కొట్టుకున్నట్టు వినిపిస్తుంది. ఆ చప్పుడుకు భయపడనక్కరలేదు. కాని ఆ లోహంపై రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లేదా నికోమలోన్ మాత్ర బతికినన్నాళ్ళూ వేసుకోవాలి. మోతాదు తక్కువైతే కవాటంపై గడ్డ ఏర్పడి కవాటం బిగుసుకోవచ్చు, గడ్డ మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. ఎక్కువైతే రక్తస్రావం. రెండింటి మధ్య దారి చూపేది ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష. ఏ మందూ వాడనివారిలో అది ఇంచుమించు 1 ఉంటుంది. మైట్రల్ స్థానంలో లోహపు కవాటం ఉన్నవారికి సాధారణంగా 2.5 నుండి 3.5 మధ్య ఉంచుతారు. మీ అంకె ఎంత ఉండాలో మీ డాక్టరు చేత కాగితంపై రాయించుకోండి. గోంగూర, పాలకూర, మెంతికూర మానేయమని కొందరు చెబుతారు. మానవద్దు. ఒక వారం రోజూ తిని, మరో వారం అసలు తినకపోవడమే చేటు. మందుల దుకాణంలో నొప్పిమాత్ర అడిగి కొనుక్కోవద్దు. పన్ను పీకించుకునే ముందు మీ కవాటం సంగతి దంతవైద్యునికి చెప్పండి, ముందుగా ఇవ్వవలసిన యాంటీబయాటిక్ ఉంటుంది. హిజామా చేయించుకోవాలనుకునేవారికి ఒక మాట. రక్తం పలుచబరిచే మందు వాడుతూ చర్మంపై గాట్లు పెట్టించుకుంటే రక్తం ఆగడం కష్టం. గుండె డాక్టరును అడగకుండా ఆ పని చేయవద్దు.

ఇప్పుడు సభలోని తల్లిదండ్రులు ప్రత్యేకంగా వినవలసిన సంగతి. కవాటాలు రెండు రకాలు. లోహపు కవాటం ఎక్కువ కాలం మన్నుతుంది, కాని జీవితాంతం ఆ మాత్ర తప్పదు. జంతు కణజాలంతో చేసిన కవాటానికి జీవితాంతం ఆ మాత్ర సాధారణంగా అక్కరలేదు, కాని అది పది పదిహేనేళ్ళకు చెడిపోవచ్చు. చిన్న వయసువారిలో ఇంకా త్వరగా చెడిపోతుంది, మళ్ళీ ఆపరేషన్ అవసరమవుతుంది. గర్భం మొదటి మూడు నెలల్లో వార్ఫరిన్ కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. మందు మానితే తల్లి ప్రాణానికి ముప్పు. అంటే ఇరవై ఏళ్ళ అమ్మాయికి ఏ కవాటం పెట్టాలన్నది ఆమె మాతృత్వానికి, ప్రాణానికి సంబంధించిన నిర్ణయం. ఆ నిర్ణయం ఎవరు చేస్తున్నారు? సంతకం తండ్రిదో భర్తదో. అమ్మాయిని అడిగినవారు ఎందరు? నాకు తెలిసిన ఒక చెల్లెలికి తన గుండెలో ఉన్నది ఏ రకం కవాటమో నెల తప్పిన తరువాత గాని తెలియలేదు. మరికొన్ని ఇళ్ళలో నిఖా చెడుతుందని జబ్బునే దాచిపెడతారు. అత్తవారింట్లో మాత్ర చాటుగా వేసుకోవాలి, ఒకనాడు దొరకదు, ఒకనాడు వేసుకోదు. దాచిన జబ్బు గర్భం సమయంలో బయటపడుతుంది. ఎందుకంటే అప్పుడు గుండె మోయవలసిన రక్తం దాదాపు సగం మేరకు పెరుగుతుంది. పరువు కోసం దాచినది ప్రాణం మీదకు వస్తుంది. ఇమాంలు, పెద్దలు నిఖా మాటలప్పుడే ఈ నిజాన్ని గౌరవంగా చెప్పే వాతావరణం కల్పించాలి. ఆపరేషన్ అయిన ఆడపిల్ల లోపమున్న సరుకు కాదు, తగిన జాగ్రత్తతో పూర్తి జీవితం గడపగల మనిషి.

ధర్మ విషయాల్లో కలిగే సందేహాలు మనల్ని ఎక్కువ వేధిస్తాయి. కొన్ని కవాటాలు పంది కణజాలంతో, కొన్ని గోజాతి గుండెపొరతో తయారవుతాయి. ఆపరేషన్‌లో వాడే హెపారిన్ మందు కూడా ఎక్కువగా పంది పేగుల నుండే వస్తుంది. ప్రాణరక్షణ అనివార్యమైనప్పుడు ఇవి అనుమతించదగినవేనని పలువురు ఫిఖ్హ్ పండితులు చెప్పారు. మనసు ఒప్పని వారు లోహపు కవాటం గాని, గోజాతి కవాటం గాని వీలవుతుందా అని ముందే అడగవచ్చు. అడగడం తప్పు కాదు, రోగి హక్కు. నమాజు విషయం. సజ్దాలో చేతులపై బరువు పడుతుంది. ఎముక అతికే వరకు కుర్చీలో కూర్చుని సైగలతో నమాజు చేసే సౌలభ్యం ధర్మమే ఇచ్చింది. రోజా విషయమూ అంతే. రోగికి, ప్రయాణికునికి సడలింపు అల్‌బఖర సూరాలోనే ఉన్నది. ఆపరేషన్ అయిన తొలి నెలల్లో, గుండె బాగా బలహీనంగా ఉన్నప్పుడు రోజా పట్టుదల వద్దు. మిగిలినవారు రంజాన్‌కు నెల రోజుల ముందే డాక్టరు వద్దకు వెళ్ళి మందుల వేళలు మార్పించుకోవాలి. ఇష్టం వచ్చినట్టు మాత్ర మానడం భక్తి కాదు. ఇఫ్తార్‌లో ఉప్పు ఎక్కువైన హలీం, సమోసాలు, పచ్చళ్ళు నీరు పట్టే గుండెకు శత్రువులు.

మరొక బాధ ఎవరూ చెప్పుకోరు. ఆపరేషన్ అయిన వారాల్లో కారణం లేకుండా ఏడుపు రావడం, నిద్ర పట్టకపోవడం, ఇక బతకనేమో అనిపించడం చాలామందికి జరుగుతుంది. దానిని జిన్ను సోకిందని తాయెత్తులకు తిప్పకండి, ఈమాన్ తక్కువైందని నిందించకండి. పక్కన కూర్చుని వినండి. వారాలు గడిచినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. దానికీ చికిత్స ఉన్నది.

చివరిగా మన కర్తవ్యం. ఆరోగ్యశ్రీలో కొన్ని శస్త్రచికిత్సలకు సంవత్సరం పాటు ఉచిత పరీక్షలు, మందులు ఇచ్చే ఫాలో-అప్ ప్యాకేజీలు ఉన్నాయి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మీ ఆపరేషన్‌కు అది వర్తిస్తుందా అని తప్పక అడగండి. కాని కవాటం మార్చినవారికి ఒక్క సంవత్సరం చాలదు. ఐ.ఎన్.ఆర్. పరీక్ష కోసం కూలి పోగొట్టుకుని, బస్సు కిరాయి పెట్టుకుని నగరానికి వెళ్ళలేక ఎందరో పరీక్షే మానేస్తున్నారు. కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి. ఏరియా ఆసుపత్రిలో ఉచితంగా ఐ.ఎన్.ఆర్. పరీక్ష, ఆ మాత్రలు జీవితాంతం ఉచితంగా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెన్సిలిన్ సూది. డిశ్చార్జి కాగితం తెలుగులో, ఉర్దూలో. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లల గుండెలను పరీక్షించవలసి ఉన్నది. బడి మానేసి మెకానిక్ దుకాణంలో పనిచేసే పిల్లవాడు, గుర్తింపు లేని మదర్సాలో చదివే పిల్లవాడు ఆ జాబితాలో కనిపించడు. ఆ బృందాన్ని మన బస్తీకి రప్పించమని మస్జిద్ కమిటీలు జిల్లా అధికారులకు వినతిపత్రాలు ఇవ్వాలి.

మరి మనం మన చేతులతో చేయగలిగినది? ఆపరేషన్ అనగానే జకాత్ సొమ్ము సమకూరుతుంది, ఫోటోతో విజ్ఞప్తి వెళుతుంది. నెలనెలా మాత్రల కోసం ఎవరూ విజ్ఞప్తి చేయరు. అర్హులైన రోగులకు ఏడాది పొడుగునా మందులకు, పరీక్షలకు కొంత భాగం కేటాయించండి. ప్రతి మస్జిద్ పరిధిలో ఆపరేషన్ అయినవారి పేర్లు, వారి తదుపరి పరీక్ష తేదీ ఒక పుస్తకంలో రాసి ఉంచండి. తేదీ దాటితే తలుపు తట్టండి.

రక్తం గుండె కుడివైపు నుండి ఊపిరితిత్తుల గుండా ఎడమవైపుకు చేరుతుందని పదమూడవ శతాబ్దంలోనే రాసినవాడు డమాస్కస్‌లో చదివి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్‌నఫీస్. మన దేశంలో తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ నాయకత్వాన తయారైన కవాటాన్ని 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. దిగుమతి కవాటం కొనలేని పేదల కోసం జరిగిన కృషి అది. విజ్ఞానం తన వంతు చేసింది. శస్త్రచికిత్సకుడు తన వంతు చేశాడు. మిగిలిన ముప్పై నలభై ఏళ్ళ వంతు కుటుంబానిది, సమాజానిది, ప్రభుత్వానిది. ఈ సభ నుండి వెళ్ళాక మీ ఇంట్లోనో, పక్కింట్లోనో గుండె ఆపరేషన్ అయినవారిని ఒక్క ప్రశ్న అడగండి: తదుపరి పరీక్ష ఎప్పుడు, తోడు ఎవరు వస్తున్నారు? జవాబు లేకపోతే ఆ తోడు మీరే కండి.