‘ఇంటర్డిక్ట్’ అను మాట: దాని పుట్టుక, దాని అర్థములు
(ప్రసంగ పాఠము)



మన సంఘ చరిత్రను గూర్చి ఈ సంచికలో పలువురు వ్రాయుచున్నారు గనుక మేము ఒక్క మాటను మాత్రమే తీసికొనుచున్నాము. ఆ మాట ‘ఇంటర్డిక్ట్’. తెలుగులో నిషేధాజ్ఞ అనవచ్చును. ఆంగ్ల నిఘంటువు తెరచినవారికి ముఖ్యముగా రెండు అర్థములు కనబడును. ఫలాని పని చేయరాదని న్యాయస్థానము ఇచ్చు ఉత్తరువు ఒకటి. ఒక మనిషికో, ఒక ఊరికో, ఒక దేశమునకో ఆరాధనను, సంస్కారములను నిలుపుచు రోమను సంఘము చేయు శాసనము రెండవది. కోర్టు మాటయు గుడి మాటయు ఒక్కటే యెట్లాయెను?

ఇది లాటిను మాట. ‘ఇంటర్’ అనగా నడుమ, ‘దీకెరె’ అనగా పలుకుట. పూర్వపు రోములో ఇద్దరు ఒక పొలము కొరకు తగవుపడి బలాత్కారమునకు దిగినప్పుడు, ప్రేటరు అను న్యాయాధికారి కలుగజేసికొని, బలాత్కారము కూడదనియో, లాగుకొన్నది తిరిగి యిమ్మనియో ఆజ్ఞాపించెడివాడు. ఇద్దరి నడుమ పలుకబడుటచేతనే ఈ ఆజ్ఞలన్నిటికి ఆ పేరు నిలిచినదని, 533లో జస్టీనియను చక్రవర్తి వెలువరించిన న్యాయశాస్త్ర పాఠ్యగ్రంథము వివరించుచున్నది. వీటిలో అడ్డగించు ఆజ్ఞలే గాక, పోగొట్టుకొన్నవానికి తిరిగి యిప్పించు ఆజ్ఞలును ఉండెనని గమనింపవలెను.

అదే రోమీయులు ఈ క్రియను కఠినముగా కూడ వాడిరి. ఒకనిని దేశమునుండి వెళ్ళగొట్టుటను నీటిని, నిప్పును నిషేధించుట అనెడివారు. వానికి ఎవరును నీరు పోయరాదు, నిప్పు ఇయ్యరాదు, ఇంట చోటియ్యరాదు. క్రీ.పూ. 58లో సిసిరో అను సుప్రసిద్ధ వక్త ఇట్లే వెళ్ళగొట్టబడి, మరుసటి యేట తిరిగి వచ్చెను. ఇది వినగానే మన పల్లెలలోని వెలివేత జ్ఞాపకము రాకమానదు. నిప్పు లేదు, నీరు లేదు, చాకలి రాడు, మంగలి రాడు. మన తెలుగు సంఘముల తొలి తరమువారిలో అనేకులు బాప్తిస్మము పొందినందుకే కూలికి, అంగడికి, నీటికి దూరము చేయబడిరి. ‘వెలి’ అనగా వెలుపల. మన మాటలో నడుమ నిలుచువాడు లేనేలేడు!

ఆంగ్లములోనికి ఈ మాట ఫ్రెంచి మూలముగా, మొదట సంఘ శిక్ష అను అర్థముతోనే వచ్చినది. అప్పుడు ‘క’ శబ్దము లేదు. పిమ్మట పండితులు లాటినును చూచి ఆ అక్షరమును తిరిగి చేర్చిరి. ‘ఇన్‌డైట్’ అను మాటలోను అట్లే చేర్చిరి గాని, అక్కడ వ్రాతలో ఉండి నోట పలుకదు. ఆంగ్లము నేర్చుకొను మన పిల్లల కష్టములు ఇట్టివి.

ఇంగ్లండు ప్రజలు ఈ మాటను నిజముగా ఎరిగినది 1208లో. 1205లో కాంటర్బరీ ఆర్చిబిషప్పు మరణించగా, జాన్ రాజు తనకు ఇష్టుడైన బిషప్పును ఆ పీఠమున కూర్చుండబెట్ట జూచెను. మూడవ ఇన్నొసెంటు పోపు అందుకు సమ్మతింపక స్టీఫెన్ లాంగ్టనును 1207లో అభిషేకించెను. రాజు అతనిని దేశములో అడుగిడనియ్యలేదు. 1208 మార్చిలో ఇంగ్లండు అంతటిమీద నిషేధము పడెను. బహిరంగ ఆరాధనలు నిలిచిపోయెను. శిశువుల బాప్తిస్మమును, చనిపోవువారి పాపపు ఒప్పుకోలును మాత్రము విడిచిపెట్టిరి. శవములను ఊరి వెలుపలికి మోసికొనిపోయి, ప్రార్థన లేకయే దారుల ప్రక్కను, గుంటలలోను పూడ్చిరని ఆ కాలపు చరిత్రకారుడు రోజర్ ఆఫ్ వెండోవర్ వ్రాసెను. రాజు మాత్రము గురువుల ఆస్తులను స్వాధీనపరచుకొని వాటి రాబడి అనుభవించెను. అతడు 1213లో లోబడెను. నిషేధము తీసివేయబడినది 1214 జూలైలో. ఆరేండ్లకు పైగా తగవు రాజుదియు పోపుదియునై యుండగా, ప్రార్థన లేక పూడ్చబడినది బీదవాని శవము.

బైబిలును నేటి అధ్యాయములుగా విభజించినవాడు ఈ లాంగ్టనే అని సాధారణముగా చెప్పుదురు. పాఠము చదువుటకు ముందు మనము ప్రతి ఆదివారము ప్రకటించు అధ్యాయపు సంఖ్య అట్లు వచ్చినదే.

1606లో అయిదవ పౌలు పోపు వెనిస్ నగరముమీద ఇట్టి నిషేధమే విధింపగా, ఆ ప్రభుత్వము గుడులు తెరచియే యుంచవలెనని గురువులకు ఆజ్ఞాపించెను. మరుసటి యేట పోపే దానిని ఎత్తివేసెను. 1983 నాటి రోమను సంఘ ధర్మశాస్త్రములో ఒక ప్రాంతమంతటిమీద విధించు నిషేధము లేదు, వ్యక్తులమీద విధించునది మాత్రమే మిగిలినది. స్కాట్లండు, దక్షిణాఫ్రికా కోర్టులలో ఈ మాట నేటికిని ప్రేటరు నాటి అర్థముతోనే వాడుకలో నున్నది.

ఇది పరదేశపు కథయని మనము తోసివేయరాదు. కమిటీలో రెండు పక్షములేర్పడి, తాళపుచెవుల కొరకు కోర్టుకెక్కగా, చెట్టుక్రింద ఆరాధన జరుపుకొన్న సంఘములు మన తెలుగు నాట లేకపోలేదు. తండ్రి చందా బాకీ ఉన్నాడని కుమార్తె పెండ్లి ప్రకటన చదువక నిలుపుట, అన్నమీది కోపముతో తమ్మునికి సమాధి స్థలము ఇయ్యకుండుట మేము విన్నవే. క్రమశిక్షణ వద్దని మేము చెప్పుట లేదు. అయితే పౌలు కొరింథులో తప్పుచేసిన ఒక్కనిని గూర్చియే తీర్పు చెప్పెను గాని, ఆ సంఘపు ఆరాధనను ఆపలేదు. ఆ మనిషి యెవడో, అతని ఇంటివారెవరో కూడ వ్రాయలేదు.

కాబట్టి సమాధి స్థలములను గూర్చి మన పాస్టరేట్లలో వ్రాసియున్న నిబంధనలను, వ్రాయకయే నడుచుచున్న వాటిని కూడ, రాబోవు కమిటీ కూటములలో ఒకసారి బయటికి తీసి చదువవలెనని సంఘ పెద్దలను వేడుకొనుచున్నాము. చందా పుస్తకమును ఆ పూట బల్లమీద పెట్టవద్దు.