పాత చిత్రములకు జనము తరలివచ్చుటకు కారణమేమి?



1957లో విడుదలయిన 'మాయాబజార్' పాండవుల ఇంటి పెండ్లికథ. అయినను పంచపాండవులు అందు ఒక్కమారైనను తెరమీద కనిపింపరు. కథ ఎరుగని దేశమున ఇట్టి సాహసము చెల్లదు. తెలుగు పల్లెలలో చెల్లినది. ఏలయనగా, ఆ ప్రేక్షకుడు టిక్కెట్టు కొనుటకు పూర్వమే ఆ కథను హరికథలో వినియుండెను, తోలుబొమ్మలాటలోను సురభివారి నాటకములోను చూచియుండెను. చిత్రమేమనగా, శశిరేఖ వ్యాసభారతమున లేదు, కవిత్రయ భారతమునను లేదు. జనుల నోటనే పెరిగి పెద్దదైన పిల్ల ఆమె!

ఇక ఆ ఘటోత్కచుడో, నూజివీటి బిడ్డయే. సామర్ల వెంకట రంగారావు 1918లో నూజివీడున జన్మించెను. మామిడిరసాలతోపాటు ఈ పేరును చెప్పుకొని ఈ సీమవారు గర్వించిన తప్పులేదు.

అయితే లెక్క చూచువారు ఒక సంగతి మరువరాదు. ఆనాడు చిత్రము ప్రతులు కొలదిగానే యుండెడివి. 1963లో వచ్చిన 'లవకుశ' వంటిది ముందు పట్టణములలో ఆడి, పిదప చిన్న ఊళ్లకు, ఆపైన డేరా సినిమాలకు చేరెడిది. అంతదాక ఆగలేనివారు బండ్లు కట్టుకొని, అన్నము మూటలతో పోయెడివారు. నేడు ఒకేనాడు ఊరూర విడుదలయగును, కొలదివారములలో చేతిలోని ఫోనులోనికి వచ్చును. కావున శతదినోత్సవములు లేవని నేటి చిత్రములను తూలనాడుట న్యాయము కాదు. ఇంట వినోదము లేని దినములవి. టెలివిజను వచ్చిన పిదప ఆ మాట పోయినది. 2017లో 'బాహుబలి' రెండవభాగమునకు ముసలి, పడుచు భేదము లేక జనము తరలుట అందరెరిగినదే.

అసలు భేదము బండిలో ఎక్కినవారి యందున్నది. మామిడి కోతలు ముగిసి, చేత నాలుగు డబ్బులాడు వేళ, అవ్వ మొదలు చంకబిడ్డ వరకు ఒకే బండిలో పోయి, నేలటిక్కెట్టు కొని ఒకేచోట కూర్చుండెడివారు. ఒకే కథ అందరిదీ. నేటి చిత్రములలో పెక్కు ఒక్క పడుచువారికొరకే తీయబడుచున్నవి. అవ్వ ఇంటనే మిగిలిపోవుచున్నది. ఒక ఇంటినుండి ఆరుగురు పోవు తావున ఇద్దరే పోయిన, హాలు నిండుటెట్లు?

2010లో 'మాయాబజార్'కు రంగులద్ది మరల విడుదల చేసిరి. యంత్రము శశిరేఖ చీరకు రంగు తెచ్చినది. కాని ఘటోత్కచుడు అభిమన్యునకేమగునని పిల్లవాడడిగినచో, పూర్వము నేలమీద ప్రక్కన కూర్చున్న అవ్వ చెప్పెడిది, "అన్నరా, భీముని కొడుకు" అని.