విషయము – వేషము



సెల్‌ఫోనునందును కంప్యూటరునందును మనము చదువు వెబ్ పుటల రచనను గూర్చి నేఁడు రెండు మాటలు విన్నవింతును. ఇది మనవంటి వృద్ధుల కేల యని శంకింపవలదు.

ఉద్యోగవిరమణానంతరము నే నొక శతకమును తాత్పర్యసహితముగా వెబ్ పుటయందు వ్రాసితిని. ప్రతిపద్యమునకు మీఁద దాని సంఖ్యను పెద్ద యక్షరములతో నెఱ్ఱగా నిలిపితిని. చూచినవారు మెచ్చిరి. చూపు కోలుపోయిన నా బాల్యమిత్రుఁ డొకఁడు మాత్రము మెచ్చలేదు. కంప్యూటరు బిగ్గరగాఁ జదువఁగా నతఁడు వినును. “ఏమోయి, నలువదవ పద్యము వినఁగోరితిని. ముప్పదితొమ్మిదియు వినినఁ గాని యచ్చటికిఁ జేరలేకపోతిని” అనెను. నాకు సిగ్గు కలిగినది. నేను ఎఱుపు పూసితినే కాని “ఇది శీర్షిక” యని కంప్యూటరునకుఁ జెప్పియుండలేదు.

1989లో సెర్న్ పరిశోధనశాలయందు టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించెను. హెచ్.టి.ఎం.ఎల్. అనునది దాని గుర్తుల భాష. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా యని తెలుపుటయే ఆ గుర్తుల ముఖ్యకార్యము. పిదప జనులు రంగులను, అక్షరముల కొలతలను గూడ వానిలోనే చొప్పించిరి. పుటలు చిక్కువడెను. 1994లో హాకోన్ వియుం లీ వేషమునకు వేఱుగా నొక పత్రము వ్రాయు పద్ధతిని సూచించెను. సి.ఎస్.ఎస్. అను నా పద్ధతి 1996 డిసెంబరులో ప్రమాణముగా వెలువడెను.

దేవాలయమున మూలవిరాట్టు మాఱదు. అలంకారము దినదినము మాఱును. నగలను విగ్రహమునందే చెక్కివేసినచో రేపటి యలంకార మెట్లు?

నేను మూఁడుదినములు కూర్చుండి సంఖ్యల నన్నిటిని శీర్షికలుగా గుర్తించితిని. రంగును వేఱు పత్రమున నొక్కచోటనే వ్రాసితిని. ఇప్పుడు నా మిత్రుఁ డొక మీట నొక్కుచు శీర్షికనుండి శీర్షికకుఁ బోవును. ఆ యెఱుపు నా కన్నులకే కటువైనపు డొక్క పంక్తి దిద్దితిని. నూఱు శీర్షికలును నల్లనయ్యెను. పద్యములలో నొక్క యక్షరమైనను కదలలేదు.

మీ మనుమలు గ్రామచరిత్రమునో, దేవాలయపు లెక్కలనో వెబ్ పుటగా వ్రాయునపుడు వారి నొక్క ప్రశ్న యడుగుఁడు: “నాయనా, శీర్షికను శీర్షికయని గుర్తించితివా, పెద్దదిగా మాత్రము చేసితివా?” కన్నులు లేనివారికిఁ గూడ ఆ పుట తెఱచియుండుట దానిపై నాధారపడియున్నది.