పరీక్షకు మూడవ ఫలితము



యూనిట్ పరీక్ష యను మాట మీకు క్రొత్త కాదు. మన బడులలో ఒక పాఠభాగము ముగిసినంతనే పిల్లలకు పెట్టు చిన్న పరీక్షకు ఆ పేరు చిరకాలముగా నున్నది. ఉపాధ్యాయుడనై నేనట్టి పరీక్షల నెన్నింటినో జరిపితిని. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారును ఆ పేరే వాడుదురని ఉద్యోగవిరమణానంతరము నా మేనల్లునివలన తెలిసికొంటిని. అతడు గన్నవరము దాపున నొక కార్యాలయమున పనిచేయుచున్నాడు. అతని పరీక్షల మాట వినుచుండగా నా పాత తప్పొకటి జ్ఞప్తికి వచ్చినది. ఆ రెంటిని గూర్చియు నేడు మీకు మనవి చేయుదును.

ప్రోగ్రామనగా యంత్రమునకు వరుసగా చెప్పు ఆజ్ఞల సముదాయము. పెద్ద ప్రోగ్రామును చిన్న చిన్న భాగములుగా విభజించి వ్రాయుదురు. ఒక్కొక్క భాగమును వేఱువేఱుగా పరీక్షించుటయే యూనిట్ పరీక్ష. వడ్డీ లెక్కకట్టు భాగమొకటి యున్నదనుకొనుడు. నూటికి నెలకు 2 రూపాయల చొప్పున 1000 రూపాయలకు 3 నెలల వడ్డీ 60 రూపాయలని మనకు తెలియును. ఆ భాగమునకీ లెక్క నిచ్చి, 60 వచ్చినచో ఉత్తీర్ణమనియు, మఱియొకటి వచ్చినచో విఫలమనియు నిర్ణయింతురు. ఇట్టి పరీక్షలు ఒక్కొక్క చోట వేలకొలది యుండును. వానినన్నిటిని నడిపి ఫలితములను పట్టికలో వ్రాయుటకొక చట్రము కావలెను. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అనువారు జావా భాషకు నిర్మించిన జేయూనిట్ అట్టిది. డాట్‌నెట్ వారికి ఎన్‌యూనిట్, పైథాన్ వారికి పైటెస్ట్ కలవు. పరీక్షాధికారియు, మార్కుల రిజిస్టరును తానే యైనట్టిది యీ చట్రము.

ఇక ఫలితములు రెండే యని మీరనవచ్చును. నేనును అట్లే యంటిని. నా మేనల్లుడు నవ్వి, యొక యుదాహరణము చెప్పెను. కాలువ నీటిమట్టమును వేఱొక యూరి యంత్రమునుండి తీగమీద తెప్పించుకొని లెక్కవేయు భాగమును పరీక్షింపవలెను. ఆనాడు గాలివానకు తీగ తెగినది. నీటిమట్టము రాలేదు. లెక్క తప్పినదందుమా? లెక్క జరుగనే లేదు. ఒప్పినదందుమా? అదియు నసత్యమే. “మామయ్యా, అది తప్పిందని కాదు, పరీక్షే జరగలేదని వ్రాయాలి” అని యతడనెను.

ఆ మాట విన్నంతనే నాకు బాల్యమున చదివిన తర్కసంగ్రహము తలపునకు వచ్చినది. ఆకాశపద్మము పరిమళించునని సాధింపబూనినవాని వాదమునకు అన్నంభట్టు ఆశ్రయాసిద్ధమని దోషము చెప్పినాడు. పువ్వే లేదు, ఇక దాని పరిమళమును గూర్చి ఔననుటయు కాదనుటయు నెట్లు? ఏ యాధారముపై పరీక్ష నిలువవలెనో ఆ యాధారము లేనప్పుడు తీర్పునకు తావు లేదు.

కొన్ని పరీక్షలను విడిచిపెట్టుడని ముందుగనే గుర్తు పెట్టవచ్చును. కాని తీగ నేడు తెగునని ముందెవరికి తెలియును? కావున పరీక్ష నడచుచుండగనే, దాని లోపలినుండియే ఫలితమును నిర్ణయించు వీలు కల్పించిరి. దాని విధమిది. పరీక్ష పని నంతటితో నిలిపి, చట్రమునకొక వర్తమానమును విసరును. అనుకొన్న ఫలితము రాలేదను వర్తమానమైనచో చట్రము విఫలమని వ్రాయును. కావలసిన పరిస్థితి లేదను వర్తమానమైనచో విడిచినట్లు వ్రాయును. ఏ వర్తమానమును లేక తుదివఱకు నడచినచో ఉత్తీర్ణము. జేయూనిట్ 2007 నుండి యీ సౌకర్యమును కలిగియున్నది. ఎన్‌యూనిట్‌లో విడిచితిమనుటయే కాక, తేలలేదనియు చెప్పవచ్చును. పైటెస్ట్‌లో, ఇది తప్పునని ముందే యెఱుగుదుమని వ్రాసియుంచి, తప్పునన్నది ఒప్పినచో దానిని ప్రత్యేకముగా చూపు పద్ధతి కలదు.

అయితే యిందొక యపాయము గలదు. ఎన్‌యూనిట్‌లో పరీక్ష నడిమధ్యనే ఉత్తీర్ణమని ప్రకటించి నిలిపివేయవచ్చును. తరువాతి పంక్తులు నడువనే నడువవు. విడిచిన పరీక్షలను పెక్కుచోట్ల వైఫల్యములలో లెక్కింపరు. కావున సోమరి చేతిలో నీ సౌకర్యము తప్పులను దాచు తెర యగును. ఫలితమును తమ చేతిలో నుంచుకొనుట యెంతవఱకు పోవునో 2015లో లోకము చూచినది. ఫోక్స్‌వ్యాగన్ డీజిలు కార్లలోని ప్రోగ్రాము, తాను పరీక్షశాలలో నున్నట్లు కనిపెట్టి, అప్పటికి మాత్రము పొగను శుద్ధిచేసి, దారిమీద ఆ పనిని సడలించెడిదని అమెరికా పర్యావరణసంస్థ బయటపెట్టినది. అట్టి కార్లు ప్రపంచమున సుమారు 1 కోటి 10 లక్షలు!

ఇక నా తప్పు వినుడు. 2009 అక్టోబరులో కృష్ణకు గొప్ప వరద వచ్చినది. విజయవాడ బ్యారేజీవద్ద ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులకు చేరినది. అప్పుడు నేనున్న బడికి లంకలనుండి వచ్చు పిల్లలు ఏరు దాటలేకపోయిరి. యూనిట్ పరీక్ష జరిగిపోయినది. రిజిస్టరులో గడి ఖాళీగా నుండరాదని పై యుత్తరువు. ఒక మిత్రుడు జాలిపడి, రాని పిల్లలకు ఊహించి మార్కులు వేసెను. నేను నియమపరుడననుకొని సున్నలు చుట్టితిని. లెక్కలలో తరగతికి మొదటివాడైన యొక లంకపిల్లవానికిని సున్నయే. సంవత్సరాంతమున ఉపకారవేతన పరీక్షకు పేర్లు పంపునప్పుడు సగటు చూచిరి. ఆ సున్న అతనిని క్రిందికి లాగినది. అతని పేరు పోలేదు. మరుసటి యేడు అతడు బడి మానెను. ఆ సున్నయే కారణమని చెప్పజాలను. కాదని చెప్పుటకును నోరు రాదు.

మిత్రుడు చేసినది అసత్యము. నేను చేసినదియు నసత్యమే; నాది కఠినముగా నుండుటచే సత్యమువలె తోచినది. గైరుహాజరు, వరద అని రెండు మాటలు వ్రాసి, నీరు తీసినపిమ్మట మరల పరీక్షించియుండిన సరిపోయెడిది.

నా మేనల్లుడు తన కార్యాలయములో మూడు నియమములు పాటింతునని చెప్పెను. విడిచిన ప్రతి పరీక్షకు కారణము వ్రాయవలెను. విడిచినవెన్నియో ప్రతిదినము లెక్కచూడవలెను. ఆటంకము తొలగినంతనే మరల నడుపవలెను. ఈ నియమములు యంత్రములకు మాత్రమే కావు. 2021 ఆగష్టులో పులిచింతల తలుపొకటి వరదలో కొట్టుకొనిపోయిన వార్త మనమెల్లరము వింటిమి. దాని కారణముల జోలికి నేను పోను. మన యూరి లాకు తలుపును వేసవిలో, నీరు లేని కాలువలో ఎత్తి చూచి బాగున్నదని వ్రాసినచో, నీటి యొత్తిడిమీద చూడలేదని ప్రక్కన వ్రాయుట ధర్మము. ఆ పట్టికను చదివి, అట్టి గడులెన్ని యని అడుగుట గ్రామపెద్దలైన మీ ధర్మము.

ఆ పిల్లవాడు నేడు పెద్దవాడైయుండును. ఈ ప్రసంగము వినుచున్నచో, ఆ గడిలో నేను వ్రాసిన సున్న తనది కాదని తెలిసికొనవలెనని కోరుచు విరమించుచున్నాను.